ఆకాశానికెక్కిన మాల్థస్

ఒక నవలలో నుంచి ఊడిపడిన మాట ఒకటి ఈ మధ్య మన విద్యార్థి మిత్రుల వాదాలలో తిష్ఠ వేసుకుని కూర్చున్నది. "చీకటి అడవి" అన్నది ఆ మాట. ఏ దేశం ఏ దేశం మీద బాంబులు వేసినా, ఎక్కడ సంధి చర్చలు చెడినా, ఆఖరికి ఒక సంఘం రెండుగా చీలినా, ఎవరో ఒకరు లేచి "అంతేనండీ, చీకటి అడవి" అంటారు. ఆ మాట అన్న తరువాత ఇక వాదించవలసింది ఏమీ మిగలదు. ప్రకృతి ధర్మం తేలిపోయింది. భూమ్యాకర్షణతో ఎవరు వాదిస్తారు?

"మనిషి స్వభావమే అంత" అని అరుగు మీద కూర్చుని సణిగే పెద్దమనిషిని చూసి నవ్వే కుర్రవాళ్ళే, అదే మాట నక్షత్రాల దాకా పోయి తిరిగి వచ్చేసరికి దాన్ని సైన్సు అనుకుని నెత్తిన పెట్టుకుంటున్నారు. నా తగాదా వాళ్ళతోనే, ఆ తరువాతనే నవలతో.

నవల సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. రాసింది లియు త్సిషిన్ అనే చైనా రచయిత. చాలాకాలం విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేశాడు. మొదటి భాగం, "ది త్రీ బాడీ ప్రాబ్లెమ్", 2006లో పత్రికలో ధారావాహికంగా వచ్చి 2008లో పుస్తకమయింది. రెండో భాగం "ది డార్క్ ఫారెస్ట్" 2008లోనూ, మూడోది "డెత్స్ ఎండ్" 2010లోనూ వచ్చాయి. 2014లో మొదటి భాగం ఇంగ్లీషులోకి వెళ్ళింది. 2015లో హ్యూగో బహుమానం పొందింది. 2024లో నెట్‌ఫ్లిక్స్ దీన్ని తెరకెక్కించాక, పుస్తకం ముట్టనివాళ్ళకు కూడా "చీకటి అడవి" నోటికి వచ్చింది.

మనలో కొందరికి ఈ రకం నవల అంటేనే చిన్నచూపు. గ్రహాంతరవాసులట, నక్షత్ర నౌకలట, పొద్దుపోని మధ్యతరగతి వాళ్ళ కాలక్షేపమట. ఈ ధోరణి నాకు సమ్మతం కాదు. ఒక సమాజం తనకు తెలియని పరాయివాణ్ణి ఎట్లా ఊహించుకుంటున్నదో చూస్తే, తెలిసిన పరాయివాళ్ళతో అది ఎట్లా ప్రవర్తిస్తున్నదో బయటపడుతుంది. ఈ పని సాంఘిక నవలకన్న ఒక్కొక్కప్పుడు సైన్సు నవలే బాగా చేస్తుంది.

మరికొందరి అభ్యంతరం వేరు. నవల 1967లో, సాంస్కృతిక విప్లవపు రోజులలో మొదలవుతుంది. యె వెన్‌జియె అనే అమ్మాయి కళ్ళ ఎదుట, ఫిజిక్సు ప్రొఫెసరయిన ఆమె తండ్రిని రెడ్‌గార్డు పిల్లలు బెల్టులతో కొట్టి చంపుతారు. భార్యే వేదిక మీద ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. ఇది విప్లవానికి అపచారమని కొందరు వామపక్ష మిత్రులు పుస్తకం మూసేస్తారు. నేనంటాను, మూడు భాగాలలోనూ అన్నిటికన్న నిజాయితీగా రాసిన పేజీలు అవే. అట్లాంటివి జరిగాయి. వాటిని దాచిపెట్టి మనం ఎవరికీ మేలు చెయ్యలేము. ఆ కొట్టిన పిల్లలు పెద్దవాళ్ళయి, బతుకులు చితికి, పశ్చాత్తాపం చెప్పటానికి కూడా ఓపిక లేనివాళ్ళయి తిరిగి కనపడే ఘట్టం గొప్పగా ఉంటుంది. రచయిత మనుషులను చూసి రాసిన చోటు అది. మనుషులను వదిలి సూత్రాలు పట్టుకున్న చోటనే నాకు పేచీ.

కథలో యె వెన్‌జియె రహస్య సైనిక కేంద్రంలో పనికి కుదురుతుంది. సూర్యుణ్ణే బాకాగా వాడుకుని ఆకాశంలోకి సందేశం పంపే ఉపాయం కనిపెడుతుంది. నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో, మూడు సూర్యుల మధ్య నలిగిపోతూ ఎప్పుడు మంటలో పడుతుందో ఎప్పుడు మంచులో పడుతుందో తెలియని లోకం ఒకటుంది. అక్కడి నుంచి జవాబు వస్తుంది. మానవజాతి మీద ఆశ చచ్చిపోయిన ఆమె, మీరే వచ్చి మమ్మల్ని బాగుచెయ్యండని వాళ్ళను పిలుస్తుంది. వాళ్ళ నౌకాదళం బయలుదేరుతుంది. చేరటానికి నాలుగు వందల యేళ్ళకు పైగా పడుతుంది.

రెండో భాగంలో లువో జీ అనేవాడు ఈ గొడవనంతా "విశ్వ సమాజశాస్త్రం"గా తేలుస్తాడు. దానికి పునాది రెండు సూత్రాలు. నాగరికతకు మొదటి అవసరం బతికి ఉండటం. నాగరికత ఎడతెగకుండా పెరుగుతూ పోతుంది గాని, విశ్వంలో ఉన్న పదార్థం పెరగదు. దీనికి తోడు దూరాలు అపారం. నువ్వు మంచివాడివో కాదో నాకు తెలియదు, నేను నిన్ను మంచివాడనుకుంటున్నానో లేదో నీకు తెలియదు, ఇట్లా అనుమానాల గొలుసు. ఇవాళ బలహీనుడైనవాడు రేపు సాంకేతికంగా నన్ను మించిపోవచ్చు. కాబట్టి ఎవడు కనపడితే వాణ్ణి ముందుగా కాల్చెయ్యటమే తెలివి. విశ్వమంతా చీకటి అడవి, ప్రతి నాగరికతా పొదచాటున తుపాకి పట్టుకుని ఊపిరి బిగబట్టిన వేటగాడు.

ఒప్పుకుంటాను, చదువుతున్నప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. లెక్క తేలినట్టే ఉంటుంది. అయితే ఈ లెక్క ఇంతకు ముందు ఎక్కడో చూశామే!

1875లో ఎంగెల్సు రష్యన్ విప్లవకారుడు లవ్రోవ్‌కు రాసిన ఉత్తరంలో ఒక గారడీని పట్టుకున్నాడు. డార్విన్ శాస్త్రం మొత్తాన్ని ఆయన కాదనలేదు, దాన్ని వాడుకున్నవాళ్ళ చేతివాటం చూపించాడు. అందరూ అందరితో కొట్లాడుతుంటారన్న హాబ్సు సిద్ధాంతాన్ని, బజారులోని పోటీని, మాల్థసు జనాభా సిద్ధాంతాన్ని ముందు సమాజం నుంచి తీసుకుపోయి ప్రకృతిలో పెడతారు. తరువాత ప్రకృతి నుంచి మళ్ళీ సమాజంలోకి తెచ్చి, చూశారా, ఇది శాశ్వత ప్రకృతి నియమం అంటారు. లియు త్సిషిన్ అడవిని వదిలి ఆకాశానికి వెళ్ళాడు. అంతకు మించి గారడీలో మార్పేమీ లేదు. ఆయన మొదటి సూత్రం హాబ్సు, రెండోది మాల్థసు. నక్షత్రాలకు ఇందులో ఏ పాత్రా లేదు, అవి తెర మీద బొమ్మలు.

మాల్థసు అంటే మనకు పుస్తకాల్లో పేరు మాత్రమే కాదు. 1798లో ఆ ఇంగ్లీషు మతగురువు తన జనాభా వ్యాసం అచ్చువేశాడు. 1805 నుంచి 1834లో చనిపోయేదాకా ఆయన ఈస్టిండియా కంపెనీ కాలేజీలో ప్రొఫెసరు. మన దేశం మీదికి కలెక్టర్లుగా రాబోయే కుర్రాళ్ళకు అర్థశాస్త్రం చెప్పటమే ఆయన ఉద్యోగం. ఆ పాఠం ఎట్లా ఒంటబట్టిందో 1876 నుంచి 1878 దాకా నడిచిన ధాత కరువు చెబుతుంది. రాయలసీమలో తరతరాలు చెప్పుకున్న కరువు అది. దక్షిణాదిన, దక్కనులో కలిపి 50 లక్షలకు పైగా జనం చచ్చారు. హిందూదేశంలో జనం తిండికన్న వేగంగా పెరుగుతారని వైస్రాయి లిట్టన్ 1877లో సెలవిచ్చాడు. కరువు పనులలో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. ఆ యేళ్ళలోనే మన రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నది. పదార్థం చాలక జనం చచ్చారా? పదార్థం రైలెక్కి, ఓడెక్కి ఎవరి లాభం కోసం ఎటు పోయిందో అడగకుండా ఉండటానికే ఆ "నియమం" పనికివచ్చింది. ఈ రోజున దాన్ని విశ్వానికి మొదటి సూత్రంగా పెట్టి, ఎంత నిష్పాక్షికంగా ఉన్నదో చూడమంటున్నారు!

పోనీ, పదార్థం సంగతే చూద్దాం. మన సూర్యుడు వెదజల్లే శక్తిలో భూమికి అందేది సుమారు 200 కోట్ల వంతులలో ఒక వంతు. మిగిలినదంతా శూన్యంలోకి పోతున్నది. నవలలో ఈ మూడు సూర్యుల లోకం వాళ్ళు ఒక్క ప్రోటానును విప్పి, దాని మీద యంత్రం చెక్కి, మళ్ళీ మడిచి భూమికి పంపగలిగినవాళ్ళు. నాలుగు వందల యేళ్ళు ఓడలలో ప్రయాణం చెయ్యగలిగినవాళ్ళు. అంతటివాళ్ళు పక్కవాడి నేల కోసం పాతకాలపు పాళెగాడిలాగా దండెత్తి రావాలి! వాళ్ళ గ్రహం నిలకడ లేనిదన్నది నిజమే. ఆ కష్టం రచయిత బాగా చూపించాడు. కాని వాళ్ళను దండయాత్రకు పంపింది వాళ్ళ ఫిజిక్సు కాదు. వాళ్ళ ప్రభుత్వం.

ఈ మాట నేను కల్పించి అనటం లేదు. నవలే అంటున్నది. యె వెన్‌జియెకు అందిన మొదటి జవాబు ఏమిటో మన చీకటి అడవి మిత్రులు మరిచిపోయారు. ఆకాశం మీద చెవి వేసి వినే ఒక మారుమూల కేంద్రంలో చిరుద్యోగి ఒకడున్నాడు. నవలలో వాడికి పేరు లేదు, కేంద్రం నెంబరు 1379 అంతే. ఒంటరివాడు, పైకి వచ్చే ఆశ లేనివాడు, రేపో మాపో పనికిరానివాడని తేల్చి తీసిపారవెయ్యబడవలసినవాడు. భూమి గొంతు మొదట విన్నది వాడు. తన ప్రభుత్వం ఏం చేస్తుందో వాడికి తెలుసు. అందుకని, జవాబు ఇవ్వకండి, ఇస్తే మీరెక్కడున్నారో తెలిసిపోతుంది, దండెత్తుతారు అని భూమికి హెచ్చరిక పంపుతాడు. దొరికిపోతాడు. పాలకుడి ముందు నిలబెడతారు. చంపరు, భూమి నాశనమయ్యేదాకా బతికి చూడమని వదిలేస్తారు.

మొత్తం మూడు భాగాలకూ ఇరుసు ఈ చిరుద్యోగి అని నా అభిప్రాయం. ఎందుకంటే లువో జీ శాస్త్రం ప్రకారం వీడు పుట్టటానికి వీలు లేదు. ఆ శాస్త్రంలో "నాగరికత" అన్నది ఒకే శరీరం, ఒకే మెదడు, ఒకే భయం ఉన్న ప్రాణి. అందులో పాలకుడు, పాలితుడు లేరు. యుద్ధం వల్ల బాగుపడేవాడు, యుద్ధంలో చచ్చేవాడు లేరు. వేటగాడన్న ఉపమానం చేసే మోసం ఇదే: కోట్ల జనాన్ని ఒక్క మనిషిని చేసి, వాడి చేతికి తుపాకి ఇచ్చి, అడవిలో వదిలింది. 1379 నెంబరు వాడు ఆ ఉపమానంలో ఇమడడు. తన లోకం పాలకులకన్న తాను ఎన్నడూ చూడని ప్రాణులు వాడికి దగ్గరివాళ్ళయ్యారు. మనం ఇన్నాళ్ళూ అంతర్జాతీయత అన్న పేరుతో చెప్పుకుంటున్నది ఇది కాక మరేమిటి? రచయిత కలం తెలియకుండానే దాన్ని రాసింది. ఆయన సిద్ధాంతం దాన్ని మరుసటి భాగానికల్లా మరిచిపోయింది.

కథలో కనుక అట్లా జరిగిందంటారేమో. 1983 సెప్టెంబరు 26 రాత్రి మాస్కో దగ్గరి సైనిక కేంద్రంలో స్తనిస్లావ్ పెత్రోవ్ అనే లెఫ్టినెంటు కల్నలు డ్యూటీలో ఉన్నాడు. ఆయన పని కూడా ఆకాశం మీద కన్ను వేసి ఉండటమే. అమెరికా నుంచి క్షిపణి బయలుదేరిందని ఉపగ్రహం చెప్పింది. కాసేపటికి మరి నాలుగు అన్నది. అప్పటికి నెల తిరగలేదు, కొరియా ప్రయాణీకుల విమానం కూల్చివేతతో రెండు పక్షాలూ పళ్ళు నూరుకుంటున్నాయి. అనుమానాల గొలుసు అంటే అంతకన్న గట్టిది ఎవరూ పోత పొయ్యలేరు. పెత్రోవ్ ఆలోచించాడు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు క్షిపణులతో మొదలుపెట్టడనుకున్నాడు, పరికరం కొత్తది, దాన్ని పూర్తిగా నమ్మలేమనుకున్నాడు. అది తప్పుడు సంకేతమని పైకి చెప్పాడు. మేఘాల మీద సూర్యకాంతి మెరుపు ఉపగ్రహాన్ని భ్రమపెట్టిందని తరువాత తేలింది. "ముందు కాల్చినవాడే బతుకుతాడు" అన్న సూత్రం ఆ గదిలో అమలు జరిగి ఉంటే ఈ నవల రాయటానికి రచయితా, చదవటానికి మనమూ ఉండేవాళ్ళం కాము.

ఇక చరిత్ర పేరు చెప్పే వాదం ఒకటుంది. దీన్ని తేలికగా తీసిపారెయ్యకూడదు, పెద్దవాళ్ళు అన్నది. గ్రహాంతరవాసులు మన దగ్గరికి వస్తే కొలంబసు అమెరికాకు పోయినట్టే ఉంటుందని 2010లో స్టీఫెన్ హాకింగ్ హెచ్చరించాడు. పరాయివాళ్ళు కలిసిన ప్రతిచోటా బలవంతుడు బలహీనుణ్ణి మింగాడు గదా అంటారు. మింగాడు. కాని ఎందుకు మింగాడు? 1502లో వాస్కో డ గామా మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడను, లోపలి ఆడవాళ్ళతో పిల్లలతో సహా, తగలబెట్టించాడు. వాళ్ళను చూసి భయపడి కాదు. వాళ్ళ మనసులో ఏముందో తెలియకా కాదు. మిరియాల వ్యాపారం మీద గుత్తాధిపత్యం కోసం. సామ్రాజ్యవాదానికి "భయం" అన్న సాకు కల్పించిపెట్టటం చరిత్ర చెప్పటం కాదు, వకాల్తా పుచ్చుకోవటం. ఈ విషయంలో 1898 నాటి వెల్సు ఎంతో మేలు. "ది వార్ ఆఫ్ ది వరల్డ్స్"లో అంగారకవాసులు లండను మీద పడేముందే, మొదటి అధ్యాయంలోనే, తెల్లవాళ్ళు టాస్మానియా ఆదివాసులపై సాగించిన సంహారాన్ని తన పాఠకులకు గుర్తుచేశాడు. ఎవరి చేతులకు నెత్తురంటిందో ఆయన దాచలేదు.

పైగా గామా రాకముందు ఆ సముద్రం ఖాళీగా లేదు. అరబ్బులు, చైనావాళ్ళు, మలయావాళ్ళు, మన తీరంవాళ్ళు ఒకరి భాష ఒకరికి రాకుండానే వందల యేళ్ళు కలుసుకున్నారు. గాలి మళ్ళితే గాని ఓడ తిరిగి రాదు కనుక, ఒక మాటకు బదులు రావటానికి నెలలు పట్టేది. అనుమానం వాళ్ళకూ ఉండేది. మన మోటుపల్లి రేవులో 1244-45లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఈనాటికీ ఉన్నది. అంతకు ముందు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరాయి ఓడలలో ఏనుగులు, గుర్రాలు, బంగారం ఏమున్నా లాగేసుకునేవారట. ఇక మీదట నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ ముట్టుకోమని ద్వీపాంతరాల నుంచి వచ్చే వర్తకులకు రాజు రాయి మీద మాట ఇచ్చాడు. దీన్ని చూసి గణపతిదేవుడు మహాత్ముడని నేను మురిసిపోవటం లేదు. ఆయనకు సుంకం కావాలి, గుర్రాలు కావాలి. ధర్మం, కీర్తి అన్న మాటలు శాసనాలకు అలంకారం. ఐనా విషయం గమనించండి. నిస్సహాయంగా ఒడ్డున పడ్డ పరాయివాణ్ణి దోచుకునే ఆచారం అంతకు ముందు "సహజం"గానే ఉండేది. స్వప్రయోజనం చూసుకునే ఒక భూస్వామ్య ప్రభువు కూడా దాన్ని ఒక రాతిమాటతో మార్చగలిగాడు. ఏడు వందల యెనభై యేళ్ళ కిందట మోటుపల్లిలో సాధ్యమైనది నక్షత్ర నౌకలు కట్టేవాళ్ళకు ఊహకైనా అందదని మనం నమ్మాలి!

ఈ తగవు సైన్సు నవలలలో కొత్తది కాదు. 1945లో అమెరికా రచయిత మరీ లీన్‌స్టర్ "ఫస్ట్ కాంటాక్ట్" అనే కథ రాశాడు. దూరాన ఒక నెబ్యులాలో మనుషుల ఓడా, పరాయివాళ్ళ ఓడా ఎదురుపడతాయి. ఎవరు ముందు ఇంటికి పోయినా రెండోవాడు వెంబడించి తన గ్రహం కనుక్కుంటాడని భయం. చివరికి ఆయుధాలు పీకేసి, ఓడలు మార్చుకుని పోతారు. తాకట్టు వ్యాపారి తెలివి. 1959లో సోవియట్ రచయిత, స్వయంగా శిలాజ శాస్త్రజ్ఞుడు, ఇవాన్ యెఫ్రేమోవ్ "సర్ప హృదయం" అనే కథతో దీనికి సూటిగా జవాబిచ్చాడు. ఆయన వ్యోమగాములు లీన్‌స్టర్ కథను ముందేసుకుని చర్చిస్తారు. నక్షత్రాల మధ్య తిరగగలిగిన సమాజం అంతకు ముందే తనలోని యుద్ధాలను, దోపిడీని అధిగమించి ఉండాలి, లేకపోతే అంత దూరం రాకముందే తన్నుకు చచ్చేది అని వాళ్ళ వాదన. వాళ్ళకు ఎదురైనవాళ్ళు ఆక్సిజను బదులు ఫ్లోరినుతో బతికేవాళ్ళు. ఒకరి గాలి ఒకరికి విషం. అద్దపు గోడకు ఇటూ అటూ నిలబడి స్నేహం చేసుకుంటారు.

మనవాళ్ళు యెఫ్రేమోవ్‌ను తలకెత్తుకుంటారని నాకు తెలుసు. కాని ఆయన పాత్రలు నోరు విప్పితే ఉపన్యాసం. ఆయన నియమమూ కుదరదు. వి-2 రాకెట్టు 1944లో అంతరిక్షపు అంచు తాకింది, ఆ రాకెట్లను నాజీలు డోరా శిబిరపు ఖైదీల చేత చావగొట్టి చేయించారు. రాకెట్టు దానంతట అది ఎవరినీ సోషలిస్టును చెయ్యలేదు. యంత్రం పెరిగితే మనిషి మంచివాడవుతాడన్న భరోసా, యంత్రం పెరిగితే మనిషి వేటగాడవుతాడన్న భీతి, రెండూ మధ్యలో ఉన్న సమాజాన్ని ఎగరగొట్టేస్తాయి. అయినా ఒక తేడా ఉన్నది. యెఫ్రేమోవ్ తప్పులో ఆ ఎదుటివాడికి ముఖం ఉన్నది, అద్దం మీద ఆనించిన చెయ్యి ఉన్నది. లియు త్సిషిన్ అడవిలో ఎదుటివాడు గురిపెట్టవలసిన చుక్క.

మూడో భాగంలో ఈ సిద్ధాంతం రాజకీయంగా ఎటు పోతుందో దాచుకోలేదు. జనమంటే గాలికి ఊగే గుంపు, ఇవాళ దండలు వేసి రేపు రాళ్ళు వేస్తారు. శాంతి వచ్చిన కాలంలో మగవాళ్ళు ఆడంగులవుతారు. చెంగ్ షిన్ అనే స్త్రీ, దయ వల్ల, రెండుసార్లు మానవజాతిని ముంచుతుంది. ఆమె అడ్డుపడకపోతే కఠినుడైన మగవాడొకడు రక్షించి ఉండేవాడు. పారిపోయే ఓడలు కొద్దిమందికే దక్కుతాయి గనుక అసలు వద్దని జనం అడ్డుకుంటే, ఆ సమానత్వపు పట్టుదలే వాళ్ళ చావుకు కారణమవుతుంది. ఇవన్నీ కథలో సంఘటనలే కదా అని సరిపెట్టుకోవచ్చు. కాని సంఘటనలను వరుసగా ఒకే వైపుకు వంచుకుంటూ పోయింది విశ్వనియమం కాదు, కలం పట్టుకున్న చెయ్యి. దయ చూపినవాళ్ళంతా నష్టపోయేటట్టు రాసి, అందువల్ల దయ నష్టకరమని నిరూపణ అయిందంటే ఎట్లా?

విద్యార్థి మిత్రులు చివరి పేజీల దాకా వెళ్ళారో లేదో నాకు అనుమానం. అక్కడ విశ్వం చచ్చిపోతూ ఉంటుంది. బలిసిన నాగరికతలు తలా కొంత పదార్థం దొంగిలించి తమ కోసం చిన్న చిన్న విశ్వాలు కట్టుకుని దాక్కున్నాయి. ఆ పదార్థం వెనక్కి రాకపోతే పెద్ద విశ్వం మళ్ళీ పుట్టలేదు. అప్పుడు లక్షల భాషలలో ఒక పిలుపు వస్తుంది: తీసుకున్నది తిరిగి ఇచ్చెయ్యండి. ఎవరు ఇస్తారో ఎవరు ఇవ్వరో తెలియదు, అడిగి తెలుసుకునే వీలూ లేదు. అనుమానాల గొలుసు అక్కడే, అంత పొడుగునా, ఉన్నది. చెంగ్ షిన్, ఆమె తోడు ఉన్నవాడు, తమ చిన్న విశ్వాన్ని వదులుకుని బయటికి నడుస్తారు. ఒక గాజుగోళంలో చేపలు, నాచుతో ఐదు కిలోలు మాత్రం లోపల ఉంచుతారు. ఆ పిలుపును అన్ని భాషలలోకీ ఎవరు అనువదించారో, లువో జీ సూత్రాలు నిజమైతే ఆ భాషలన్నీ ఎవరు ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నారో, రచయిత చెప్పడు.